1/270 మిలీనియం ఫాల్కన్ రీపెయింట్: లేత బూడిద ఓడ మీద ఇంజిన్ వెలుగు తెప్పించిన కేస్ స్టడీ

ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2012లో తెచ్చిన ఎక్స్-వింగ్ మినియేచర్స్ అనే బల్లమీది ఆటలో స్టార్ వార్స్ సినిమాల అంతరిక్ష ఓడల చిన్న మోడళ్లు ఫ్యాక్టరీలోనే రంగులు వేసుకుని వస్తాయి. పెట్టె విప్పి నేరుగా ఆడుకోవచ్చు. బల్లకు అవతలి పక్కనుంచి చూస్తే ఆ రంగు బాగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటేనే లోటు తెలుస్తుంది. వాష్ (గీతల్లోకి పారే పల్చటి ముదురు రంగు) ఒంటినిండా ఒకేలా పాకి ఉంటుంది, ఇంజిన్ ఉన్నచోట ఒకే రంగు పట్టీ ఉంటుంది, దెబ్బలు, మసి అంటూ ఏమీ ఉండవు.

ఈ కేసులో ఓడ ఆ ఆటలోని మిలీనియం ఫాల్కన్. అనుకున్న పని రెండు ఎఫెక్టులు. వెనక ఇంజిన్ పట్టీ నీలంగా వెలుగుతూ, ఆ వెలుగు వెనక డెక్ మీద పడుతున్నట్టు కనిపించాలి. ముందుకు పొడుచుకొచ్చిన రెండు దవడల్లో ఎడమదానికి లేజర్ దెబ్బ తగిలి, లోహం ఇంకా ఎర్రగా కాలుతున్నట్టు కనిపించాలి. రెండూ రంగుతోనే చేయాలి, బల్బు పెట్టకూడదు. పని అయ్యాక కూడా ఓడతో ఆడుకుంటారు కాబట్టి వేళ్ల రాపిడికి తట్టుకోవాలి.

ఎల్ఈడీ ఎందుకు వద్దంటే

ఫాల్కన్ అనగానే చాలామంది ఎల్ఈడీ వైపే వెళ్తారు. సాధ్యమే. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, వోల్టేజీ 3. నీలం ఎల్ఈడీకి కావలసిందీ దాదాపు అంతే కాబట్టి వైరింగ్ పెద్ద పనేమీ కాదు. చిక్కంతా ఓడతోనే. పైడొల్ల, కిందిడొల్ల విడదీయాలి, లోపల చోటు చెక్కాలి, బ్యాటరీ మార్చడానికి మూత పెట్టాలి. ప్లాస్టిక్ పల్చగా ఉన్నచోటల్లా వెలుగు బయటికి కారుతుంది కాబట్టి లోపలంతా నల్లరంగు కొట్టాలి. ఇంత చేసినా ట్యూబులైటు కింద ఆడుతున్నప్పుడు ఆ చిన్న బల్బు వెలుగు డెక్ మీద పడినట్టు కనిపించదు. రంగుతో వేసిన వెలుగు ఏ గదిలోనైనా, ఏ ఫొటోలోనైనా అలాగే ఉంటుంది. చీకటి గదిలో అద్దాల అల్మారాలో పెట్టే మోడల్ అయితే ఎల్ఈడీకే ఓటు వేయొచ్చు. ఆడే ఓడకు మాత్రం రంగే మేలు.

అసలు చిక్కు

వెలుగు ఎఫెక్టు బాగా కుదిరే ఓడలు ముదురు రంగువి. ఫాల్కన్ లేత బూడిద. నలుపును 0, తెలుపును 10 అనుకుంటే ఫ్యాక్టరీ రంగులో దీని ఒళ్లు 7, 8 దగ్గర ఉంటుంది. ఇంజిన్‌కు ఎంత తెల్లటి తెలుపు వేసినా అది 10 దాటదు. 8 పక్కన 10 పెడితే వెలుగులా కనిపించదు, తెల్లరంగు పట్టీలానే కనిపిస్తుంది. దాని చుట్టూ లేత నీలం కొడితే నీలం రంగు ఒలికినట్టు ఉంటుంది. ఫాల్కన్ రీపెయింట్లు చాలావరకు చెడేది ఇక్కడే, చేయి తిరగక కాదు.

అందుకని ఇంజిన్ జోలికి వెళ్లకముందే ఓడ వెనక మూడోవంతును చీకటి చేయాలని నిర్ణయం. ముందు దవడలు 7, నడుమ 6, వెనక డెక్ 4, ఇంజిన్ పట్టీ 10. వెలుగు పడే చోట పట్టీ పక్కన 8తో మొదలై 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోపే 4లోకి కలిసిపోవాలి. ఇక నుంచి వేసిన ప్రతి పూతా ఈ అంకెలకు లోబడే వేశాం.

స్కేలు లెక్క కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. 1/270లో మోడల్ మీద 1 మిల్లీమీటరు అంటే అసలు ఓడ మీద 27 సెంటీమీటర్లు. స్పాంజ్‌తో అద్దిన మిల్లీమీటరు మచ్చ జానెడు కంటే ఎక్కువ వెడల్పున పెయింటు ఊడినట్టు లెక్క. 1/72 కిట్లకు అలవాటుపడిన చేయి ఇక్కడ అదే మోతాదు వాడితే ఓడ బొమ్మలా తేలిపోతుంది.

కడగడం, సరిచేయడం

మోడల్ మెత్తటి పీవీసీ. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్ది, కడిగి రాత్రంతా ఆరనివ్వాలి. అచ్చునుంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడే జిడ్డు ఏ కాస్త మిగిలినా ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత) పొరలాగా లేచొస్తుంది.

తుపాకీ గొట్టాలు, యాంటెన్నా పళ్లెం ప్యాకింగ్‌లో వంగి వస్తుంటాయి. 70 నుంచి 80 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, వేళ్లతో నిటారు చేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే అలాగే నిలబడతాయి. మరుగుతున్న నీళ్లు వాడితే పళ్లెం అంచు అలలు తిరుగుతుంది.

పాత రంగు తీయలేదు. ఫ్యాక్టరీ పూత పల్చనిది, వివరాలను మింగేయదు. అసిటోన్, లాకర్ థిన్నర్ పీవీసీని కరిగిస్తాయి కాబట్టి వాటి వాసన కూడా తగలనివ్వొద్దు. అచ్చు గీతల్ని ఇసుక కాగితంతో రుద్దితే పీవీసీ నూగులేస్తుంది, కొత్త స్కాల్పెల్ బ్లేడును నిలువుగా పట్టి గీకితే శుభ్రంగా పోతాయి.

స్టాండు గుచ్చే రంధ్రాన్ని బ్లూటాక్‌తో (తర్వాత తీసేయగల మెత్తటి బంకముద్ద) మూసేయండి. అందులోకి నాలుగు పూతలు చేరితే స్టాండు పట్టదు. బలవంతంగా తోస్తే ఆ పారదర్శక పుల్ల విరిగి లోపలే ఉండిపోతుంది.

ప్రైమర్

మెత్తటి పీవీసీ మీద కొన్ని స్ప్రే డబ్బా ప్రైమర్లు, ఎనామెళ్లు ఎన్ని రోజులైనా జిగురుగానే ఉండిపోతాయి. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ పైకి వచ్చి పూతలో కలవడమే కారణం. నీటి ఆధారిత ఆక్రిలిక్-పాలీయురెథేన్ ప్రైమర్ వాడితే ఈ బెడద ఉండదు. వలేజో సర్ఫేస్ ప్రైమర్ నలుపును ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, 18 పీఎస్ఐ గాలి పీడనం దగ్గర, మూడు పల్చటి కోట్లు వేశాం. ఒక్కో కోటుకు మధ్య పావుగంట. ఆ తర్వాత ఒక రోజంతా ముట్టుకోలేదు. ఈ ప్రైమర్ పైకి ఆరినట్టు ఉండి లోపల పచ్చిగా ఉంటుంది. అప్పుడే మాస్కింగ్ టేప్ వేస్తే టేప్‌తోపాటు తొక్కలా వచ్చేస్తుంది.

హైదరాబాద్ ఎండాకాలంలో పొడిగాలికి ఎయిర్‌బ్రష్ సూది మొన మీద రంగు ఎండి గడ్డకడుతుంది. కప్పులో పది చుక్కల రంగుకు ఒకటి రెండు చుక్కల రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపితే ఆ తిప్పలు తగ్గుతాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇబ్బంది తిరగబడుతుంది. కంప్రెసర్ గొట్టంలో చేరిన నీరు చుక్కలుగా మోడల్ మీద ఉమ్ముతుంది. కంప్రెసర్ దగ్గరున్న నీటిని పట్టే ట్రాప్ చాలదు, ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర ఇంకో చిన్న ట్రాప్ పెట్టుకోవాలి.

బేస్ రంగు

లేత బూడిద నాలుగు పాళ్లు, ఐవరీ ఒక పాలు కలిపితే ఫాల్కన్‌కు సరిపడే వెచ్చటి బూడిద వస్తుంది. థిన్నర్ సమపాళ్లలో. ముందువైపు పైనుంచి కొడుతూ దవడల మీద పూర్తిగా కప్పి, వెనక్కి వచ్చేకొద్దీ చేయి తేలిక చేశాం. వెనక మూడోవంతులో నల్ల ప్రైమర్ సగానికి సగం తొంగిచూస్తుంది. ముందు నుంచి వెనక్కి ఈ వాలు ఇక్కడే పడాలి. తర్వాత వాష్‌తో తెద్దామంటే మరకలే మిగులుతాయి.

ఆ పైన కొన్ని ప్యానెళ్లకు అదే బూడిదలో ఒక చుక్క నీలి బూడిద, ఇంకొన్నింటికి ఒక చుక్క గోధుమ కలిపి కుంచెతో. తేడా కనీకనపడకుండా ఉండాలి. ఎర్ర ప్యానెళ్లకు సీసాలోని ఎరుపు నేరుగా వేయకూడదు. మూడోవంతు బూడిద కలిపి దాని ఘాటు చంపాలి. స్కేలు చిన్నదయ్యేకొద్దీ రంగు వెలిసినట్టు ఉంటేనే కంటికి పెద్ద వస్తువులా అనిపిస్తుంది.

ఆక్రిలిక్ గ్లాస్ (మెరిసే వార్నిష్) కోటు వేసి ఒక రోజు ఆగాక పిన్ వాష్. నలుపు, బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగులు సమంగా తీసి, వాసన లేని మినరల్ స్పిరిట్‌లో సుమారు ఒకటికి పది కలిపి, గీతల్లోకి మాత్రమే మొనతో తాకించాలి. గ్లాస్ మీద అది దానంతటదే పాకుతుంది. అరగంట తర్వాత కాటన్ బడ్‌తో ముందు నుంచి వెనక్కి తుడిస్తే మిగిలిన పల్చటి చారలే వెదరింగ్ (వాడి మాసినట్టు కనిపించే మరకలు). గ్లాస్ కోటు పడని పీవీసీ ఎక్కడైనా బయటికి కనిపిస్తుంటే అక్కడ స్పిరిట్ నిలవనివ్వొద్దు.

చిప్పింగ్‌కు (పెయింటు ఊడినట్టు కనిపించే మచ్చలకు) ముదురు గోధుమ బూడిద, చింపిన స్పాంజ్ ముక్క. కాగితం మీద అద్ది అద్ది రంగు దాదాపు అయిపోయాకే మోడల్ మీద పెట్టాలి. దవడల అంచులు, పక్క డాకింగ్ వలయాల చుట్టూ చాలు. నారింజ తుప్పు చారలు మాత్రం ఫాల్కన్‌కు నప్పవు. 1970ల్లో స్టార్ వార్స్ ఎఫెక్టులు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ వాళ్లు ట్యాంకు కిట్లు, విమానం కిట్ల విడిభాగాలు అతికించి తయారుచేసిన అయిదడుగుల పెద్ద మోడల్ మీద కూడా మసి, నూనె మరకలు, వెలిసిన ప్యానెళ్లు కనిపిస్తాయి.

వెనక డెక్‌ను చీకటి చేయడం

నీలి నలుపు ఇంకు ఒక చుక్క, గ్లేజ్ మీడియం (రంగును పారదర్శకం చేసే ద్రవం) ఎనిమిది చుక్కలు, నీళ్లు రెండు చుక్కలు. ఎయిర్‌బ్రష్‌తో 12 పీఎస్ఐ దగ్గర వెనక నుంచి మొదలుపెట్టి, ఓడ నడిమధ్య దాకా వచ్చేసరికి ఆపేయాలి. మూడు నాలుగు పూతలు పడ్డాక డెక్ 4 దగ్గరికి వస్తుంది. ప్రతి పూత తర్వాత ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడాలి. కంటికి రంగు అడ్డొస్తుంది, నలుపు తెలుపులో ఎక్కడెంత చీకటో దాచడానికి ఉండదు. ఈ దశలో ఓడ వెనకంతా మురికిగా, పాడైపోయినట్టుగా ఉంటుంది. ఇక్కడ మనసు మార్చుకుని తేలిక చేస్తే తర్వాత ఇంజిన్ వెలగదు.

ఇంజిన్ వెలుగు

మొదట పట్టీని స్వచ్ఛమైన తెలుపుతో నింపాలి. పల్చటి కోట్లు మూడు. ఫ్లోరసెంట్ రంగులు పారదర్శకం, కింద తెలుపు లేకపోతే వాటికి ప్రాణమే ఉండదు.

తర్వాతి మెళకువ ఈ కేసు మొత్తానికి ఆయువుపట్టు. ఎయిర్‌బ్రష్‌ను పైనుంచి డెక్ మీదికి గురిపెట్టకూడదు. ఓడ వెనక, ఇంజిన్ పట్టీ ఎత్తులోనే పట్టి, పట్టీ దగ్గర్నుంచి డెక్ మీదుగా ముందుకు జారేలా కొట్టాలి. వెలుగు ఏ దారిన వెళ్తుందో రంగు కూడా ఆ దారినే వెళ్తుంది. ఇంజిన్‌కు ఎదురుగా ఉన్న అంచుల మీద పడుతుంది, అవతలి పక్క వాటంతటవే చీకట్లో మిగులుతాయి. వెనక డెక్ మీదున్న ఆరు గుండ్రటి వెంట్లను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఒక్కో వలయంలో ఇంజిన్ వైపు బయటి గోడకు నీలం అందుతుంది, దాని వెనక లోగోడ నల్లగా ఉంటుంది, మళ్లీ ఎదుటి లోగోడ పై అంచుకు సన్నటి నీలపు గీత దొరుకుతుంది. పైనుంచి కొడితే ఈ మూడూ ఒకే నీలంలో మునిగిపోతాయి. వెలుగు అబద్ధమని చూసేవాళ్లకు పేరు పెట్టి చెప్పలేకపోయినా తెలిసిపోతుంది.

రంగులు మూడు విడతలు. మొదట ముదురు నీలం, థిన్నర్ ఎనభై శాతం, 10 పీఎస్ఐ, 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరం, డెక్ మీద 15 మిల్లీమీటర్ల దాకా. తర్వాత ఆకాశ నీలం అంతే పల్చగా, 7 మిల్లీమీటర్ల దాకా. చివర ఫ్లోరసెంట్ నీలంలో తెలుపు సగం కలిపి 3 మిల్లీమీటర్ల దాకా. రంగు పల్చటి మజ్జిగ కంటే కూడా పల్చగా ఉండాలి. ఇంత పల్చన చేసినప్పుడు గాలి పీడనం 15 దాటితే రంగు సాలెపురుగు కాళ్లలా నాలుగు దిక్కులా పారుతుంది. అలా పారితే తుడవొద్దు, ఆరనిచ్చి చీకటి గ్లేజ్‌తో కప్పి మళ్లీ రావాలి.

మూడు విడతలూ అయ్యేసరికి పట్టీ కూడా నీలం అయిపోతుంది. కుంచెతో నడిమధ్యన మళ్లీ స్వచ్ఛమైన తెలుపు, పట్టీ అంచుల్లో మాత్రం లేత నీలం ఉంచాలి. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు. నడుమ ముదురు నీలం వేసి అంచున తెల్లగీత గీస్తారు. అది నీలి రిబ్బన్‌కు తెల్లంచు కుట్టినట్టు ఉంటుంది. అన్నిటికంటే వేడిగా, వెలుగుగా ఉండేది నడుమ. రంగు కనిపించేది దాని చుట్టూ. పట్టీకి అడ్డంగా ఉన్న నిలువు పలకలు వెలుగుకు ముందు నిలబడినవి కాబట్టి వాటి ముఖం నీడలోనే ఉండాలి. 000 నంబరు కుంచెతో ముదురు నీలం వేసి, పక్క అంచులకు మాత్రం లేత నీలం తాకించాం. పలకలు నల్లబడ్డాకే వాటి మధ్య తెలుపు మండుతున్నట్టు అనిపించింది.

ఎర్ర ప్యానెళ్ల సంగతి వేరు. ఎర్రటి వస్తువు మీద నీలం వెలుగు పడితే అది లేత నీలం కాదు, నల్లబడుతుంది. ఎరుపు నీలాన్ని తిరిగి పంపదు. వెలుగు పరిధిలోకి వచ్చిన వెనక ప్యానెళ్ల మీద ఎయిర్‌బ్రష్ చల్లిన నీలాన్ని ముదురు ఊదాతో సరిదిద్ది, ఇంజిన్ వైపు అంచున వెంట్రుకవాసి నీలపు గీత మాత్రం ఉంచాం. ఇంత చిన్న మార్పుతోనే మిగతా నీలం అంతా నిజమైన వెలుగులా కుదురుకుంటుంది. ఓపిక ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టమంటాం.

లేజర్ దెబ్బ

దెబ్బకు ఎడమ దవడ ఎంచుకోవడానికి కారణం దూరం. చల్లటి నీలం, కాలే నారింజ రెండూ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఓడ ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉంటే చూపు రెంటి మధ్యా తిరుగుతుంది. ఈ పరిమాణంలో మూడో వెలుగు పెట్టొద్దు. అందుకే కాక్‌పిట్ అద్దాలకు నలుపు మీద సన్నటి బూడిద మెరుపుతో సరిపెట్టాం.

రంధ్రానికి పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) 0.8 మిల్లీమీటర్ల డ్రిల్, పక్కన 0.5తో రెండు గుంటలు, వాటిని కలుపుతూ బ్లేడుతో గీత. కాల్చిన సూదితో గుచ్చితే కరిగిన లోహంలా బాగా వస్తుందని చాలామంది చెబుతారు. పీవీసీని కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లకూ ఊపిరితిత్తులకూ చేటు. కరిగిన అంచు కావాలంటే చిక్కటి ఆక్రిలిక్ జెల్‌ను రంధ్రం చుట్టూ సూదిమొనతో పెట్టి ఎండనిస్తే సరిపోతుంది.

కాలే లోహంలో లోతున్నచోటే వేడి ఎక్కువ. మామూలు షేడింగ్‌లో గుంటలు నల్లగా ఉంటాయి, ఇక్కడ దానికి సరిగ్గా ఎదురు. గుంట అడుగున తెలుపు, ఆపైన పసుపు, గోడలకు నారింజ, అంచుకు ఎరుపు, బయట నల్ల గోధుమ. ముందుగా గుంటంతా తెలుపుతో నింపి, పల్చటి పసుపు గ్లేజ్ ఒకటి, నారింజ అంచులకు మాత్రం రెండు, చివరికి ఎరుపు. పసుపు నేరుగా నలుపు మీద వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది.

మసికి నల్ల గోధుమ, థిన్నర్ తొంభై శాతం. దెబ్బ చుట్టూ 4 మిల్లీమీటర్ల వలయం, లేజర్ వచ్చిన దిక్కుకు ఎదుటి పక్కన ఇంకో 5 మిల్లీమీటర్ల తోక. మసి ముందు, నారింజ వెలుగు తర్వాత. తిరగేస్తే మసి వెలుగును మూసేస్తుంది. ఆ నారింజ వెలుగు కూడా రంధ్రం చుట్టూ 1 మిల్లీమీటరు మించకూడదు. ఆ ఒక్క మిల్లీమీటరే అసలు ఓడ మీద జానెడు దాటుతుంది కదా.

వార్నిష్

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వెలుగును చెదరగొడుతుంది. బూడిద ఒంటికి అది కావాలి, ఫ్లోరసెంట్ నీలానికి అది విషం. మ్యాట్ కోటు పడగానే ఇంజిన్ పట్టీ సున్నం పూసినట్టు తెల్లబోతుంది. అందుకే వరుస ఇలా పెట్టుకున్నాం. రాపిడి కోసం ఒళ్లంతా ఆక్రిలిక్ శాటిన్ (సగం మెరుపు వార్నిష్) రెండు కోట్లు, ఆరాక ఒక పల్చటి మ్యాట్, చివర పట్టీలోని తెలుపు, ఫ్లోరసెంట్ నీలం కుంచెతో మరోసారి తాజా చేసి, దాని మీద గ్లాస్. గుంటలోని కాలే లోహానికీ గ్లాసే. మ్యాట్ సీసాలో అడుగున దిగిన పొడిని బాగా కలపకపోతే కొంతచోట మెరుపు, కొంతచోట బూజు పట్టినట్టు వస్తుంది. వానాకాలంలో గాలి తేమగా ఉన్నప్పుడు డబ్బా వార్నిష్ కొడితే తెల్లగా పొగమంచు పడుతుంది. పైన గ్లాస్ వేస్తే అది కొంత సర్దుకుంటుంది, ముదురు వెనక డెక్ మీద మాత్రం పూర్తిగా పోదు.

ఫ్లోరసెంట్ రంగులు ఎండకు వెలిసిపోతాయి. ఈ ఓడను కిటికీ దగ్గర అల్మారాలో పెట్టొద్దు. ఆడేటప్పుడు ఒళ్లు పట్టుకోకుండా స్టాండు అడుగు పట్టుకుని కదిపితే మంచిది. అన్నిటికంటే ముందు అరిగేవి దవడల మొనలు. అక్కడ అరిగినా వేసిన చిప్పింగ్‌లో కలిసిపోతుంది. అరగకూడనిది ఇంజిన్ పై అంచు. పెట్టెలో నురుగు దానికి తగలకుండా వెనక అర అంగుళం ఖాళీ కోసుకోవాలి.